ఫారంలో లేని మేనత్త

జీవిత బీమా ప్రపోజల్ ఫారంలో కుటుంబ చరిత్ర అని ఒక పట్టిక ఉంటుంది. తండ్రి, తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, భర్త లేక భార్య, పిల్లలు. బతికుంటే వయసెంత, ఆరోగ్యం ఎలా ఉంది. పోతే ఏ వయసులో పోయారు, దేనివల్ల. తెనాలిలో ఒక బీమా కంపెనీ బ్రాంచిలో కొత్త పాలసీల సెక్షన్ నాది. చేరినప్పటి నుంచీ ఆ పట్టిక చూస్తూనే ఉన్నాను. అందులో మేనత్తకు గడి లేదు. నాయనమ్మకూ లేదు, పెదనాన్నకూ లేదు. నా సొంత పాలసీకి ఫారం నింపుకున్నప్పుడు ప్రతి గడిలోనూ ‘ఆరోగ్యం బాగుంది’ అని రాశాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

గడి లేనివాళ్ళ సంగతి ఇదీ. నాయనమ్మ యాభై నిండకుండానే రొమ్ములో గడ్డతో పోయింది. పసరు కట్లు కట్టించీ కట్టించీ, పుండయ్యాక గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారట. పెదనాన్నది ప్రోస్టేట్ కేన్సర్. నడుంనొప్పి అని ఏడాది పాటు మాత్రలు మింగాడు, ఎముకలకు పాకాకగానీ తెలియలేదు. మేనత్తకు యాభై ఎనిమిదో ఏట పొట్ట ఉబ్బడం మొదలైంది. గ్యాసనుకున్నారు. నీరు తీసి పరీక్షకు పంపితే అండాశయం కేన్సర్ అని తేలింది. ఆవిడకు ముప్పై అయిదేళ్ళప్పుడే గర్భసంచి తీసేశారు. “గర్భసంచే లేని మనిషికి అక్కడ కేన్సరేమిటి?” అని ఇంటిల్లిపాదీ విడ్డూరపోయాం. రొమ్ము, ప్రోస్టేట్, అండాశయం. ముగ్గురూ మూడు ఊళ్ళలో మూడు రకాల డాక్టర్ల దగ్గర చూపించుకున్నారు. ఈ మూడింటికీ మూలం ఒకటే అయ్యుండొచ్చని ఎవరికి తోస్తుంది?

తోచింది ఒక డాక్టరమ్మకు. మేనత్త పెద్దకూతురు సికింద్రాబాద్‌లో ఉంటుంది, నాకు వదిన. ఆమెకు నలభై నాలుగో ఏట రొమ్ము కేన్సర్ వచ్చింది. చికిత్స మొదలుపెట్టేముందు ఆ డాక్టరమ్మ కూర్చోబెట్టి తల్లి సంగతి, అమ్మమ్మ సంగతి, మేనమామల సంగతి అడిగింది. రక్తం తీసి జన్యు పరీక్షకు పంపింది. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో హాని చేసే మార్పు ఉందని రిపోర్టు వచ్చింది. వదిన ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. “ఇది మా అమ్మ వైపు నుంచి వచ్చిందట. అంటే మావయ్యకీ ఉండొచ్చు, నీకూ ఉండొచ్చు. నా సంగతి తర్వాత మాట్లాడుకుందాంగానీ, ముందు నువ్వు చూపించుకో” అంది. కీమో కూడా మొదలుకాని మనిషి.

మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది: రొమ్ము కేన్సర్ వంశంలో వస్తే తల్లి నుంచి కూతురికే వస్తుందని. డాక్టర్లలో కూడా ‘మీ అమ్మగారికి ఉందా?’ అని అడిగి ఊరుకునేవాళ్ళున్నారు. బీఆర్‌సీఏ2 ఉండేది 13వ క్రోమోజోము మీద. అది ఆడా మగా అందరికీ రెండేసి ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. తండ్రి దగ్గరున్న రెంటిలో ఒకదానిలో మార్పు ఉంటే కొడుక్కైనా కూతురికైనా అది వచ్చే అవకాశం సగానికి సగం. మగవాడు ఏ జబ్బూ లేకుండా ఎనభై ఏళ్ళు బతికి దాన్ని తర్వాతి తరానికి అందించి వెళ్ళొచ్చు. మా నాన్న అచ్చంగా అలాంటివాడే. డెబ్బై నాలుగేళ్ళు, ఇప్పటికీ సైకిలు మీద మార్కెట్‌కు వెళ్ళొస్తాడు.

నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకు చెప్పడం ఎలాగో నాకు తెలియలేదు. నేను జన్యు పరీక్షకు వెళ్ళినప్పుడు అక్కడి కౌన్సెలర్ నాకు చెప్పినట్టే చెప్పాను. డీఎన్‌ఏలో రెండు పోగులూ ఒకేచోట తెగుతుంటాయి. ఎక్స్‌రేల వల్ల, ఒక్కోసారి కణం విడిపోతున్నప్పుడు దానంతట అదే. తెగినచోట తేడా రాకుండా అతికే పనిలో ఈ జన్యువుకు ముఖ్యమైన పాత్ర ఉంది. రెండు ప్రతుల్లో ఒకటి పుట్టుకతోనే చెడినా, రెండోది పనిచేస్తున్నంతకాలం ఇబ్బంది లేదు. ఏదో ఒక కణంలో ఆ రెండోది కూడా చెడిందంటే అక్కడ అతుకులు అడ్డదిడ్డంగా పడతాయి, తప్పులు పేరుకుంటాయి. నాన్న అంతా విని, “అంటే స్టెప్నీ లేకుండా బండి తీసినట్టు. పంచరు పడకపోతే బెజవాడేం ఖర్మ, హైదరాబాదైనా చేరతాం” అన్నాడు. కాసేపాగి, “నీకు నేనిచ్చానా?” అని అడిగాడు. మీకు మీ అమ్మ ఇచ్చింది నాన్నా అన్నాను. అప్పుడు ఆయనకు నాయనమ్మ ఫొటో వైపు చూడబుద్ధి కాలేదు. ఆమె మీద కోపంతో కాదు. పసరు కట్లు కట్టించింది తామేనని.

కేన్సర్ మూలాన్ని వంశంలో వెతికే ఈ విద్య మొదలైంది కూడా కుటుంబాల లెక్క రాయడంతోనే. పాల్ బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు 1866లో తన భార్య తరఫు కుటుంబంలో తరతరాలుగా ఎవరెవరు కేన్సర్‌తో పోయారో రాసిపెట్టాడు. వంశంలో ఏదో దిగివస్తోందని ఆయనకు అనుమానం. రుజువు చేసే దారి అప్పుడు లేదు. 1990లో అమెరికాలో మేరీ క్లెయిర్ కింగ్ అనే శాస్త్రవేత్త, రొమ్ము కేన్సర్ తరచుగా వచ్చే కుటుంబాల రక్తాలు పరీక్షించి, కారణమయ్యే జన్యువు 17వ క్రోమోజోము మీద ఫలానాచోట ఉందని చూపించింది. ఇంత చిక్కు జబ్బు ఒక్క జన్యువుతో రావడమేమిటని చాలామంది ఆమె మాట నమ్మని రోజులవి. 1994లో ఆ జన్యువు దొరికింది, అది బీఆర్‌సీఏ1. మరుసటేడు మైకేల్ స్ట్రాటన్ బృందం బ్రిటన్‌లో మా ఇంటిదాన్ని, బీఆర్‌సీఏ2ని, పట్టుకుంది. 2013లో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ రొమ్ములు తీయించుకున్నానని పత్రికలో రాయడంతో ఈ పేర్లు లోకమంతా పాకాయి. ఆవిడది మొదటి రకం.

నా రిపోర్టు కూడా అదే మార్పుతో వచ్చింది. దాని కిందే మరో లైను: ఏటీఎం అనే ఇంకో జన్యువులో ‘అర్థం తేలని మార్పు’. కౌన్సెలర్ పెన్నుతో ఆ లైను మీద వేలంత గీత గీసి, “దీని గురించి గూగుల్ చేయకండి” అంది. ఇంటికొచ్చి చేశాననుకోండి. అర్థం తేలకపోవడమంటే చెడ్డదని కాదు, మంచిదనీ కాదు. అలాంటి మార్పున్న మనుషుల్ని తగినంతమందిని ఇంకా చూడలేదని. మన దేశపు జన్యువులు ప్రపంచ లెక్కల్లో తక్కువగా ఉండటం వల్ల మన రిపోర్టుల్లో ఈ లైను ఎక్కువగా వస్తుంటుంది. పది వేల మంది భారతీయుల జన్యువులు చదివిన జీనోమ్ ఇండియా పథకంలో హైదరాబాద్ సీసీఎంబీ కూడా ఉంది. ఇలాంటి లైన్లలో కొన్నయినా వాటితో తేలిపోవాలి.

మా వృత్తి పిచ్చి మాది. నేను మొదట వెతికింది అంకెలు. బీఆర్‌సీఏ2 మార్పున్న ఆడవాళ్ళు వందమందిలో ఎనభై ఏళ్ళు వచ్చేసరికి రొమ్ము కేన్సర్ వచ్చేది సుమారు 69 మందికి, అండాశయం కేన్సర్ 17 మందికి అని 2017లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన లెక్క. చూడగానే కళ్ళు తిరుగుతాయి. కానీ పాలసీలు చూసే మనిషికి ఒకటి తెలుసు: జీవితకాలపు అంకె వేరు, వచ్చే ఏడాది అంకె వేరు. 69 అనేది ఎనభై ఏళ్ళకు పరుచుకున్న మొత్తం. ఇంకోటి కూడా. ఆ లెక్కలోని కుటుంబాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాలవి. బీమా కంపెనీలు ఇక్కడి పాలసీదారుల అనుభవంతో, 2012–14 నాటి మరణాలతో కట్టిన మన సొంత పట్టిక వాడుతున్నాయి. జన్యువుల విషయంలో మనకు అంత నమ్మకమైన పట్టిక కట్టే పని ఇంకా చాలా ఉంది. అందుకని 69ని నేను దారి చూపే బోర్డుగానే తీసుకున్నాను, తీర్పుగా కాదు.

మరి చేయాల్సిందేమిటి? రొమ్ములకు రెండు దారులు. ఒకటి, రెండూ ముందే తీయించేసుకోవడం. ప్రమాదం తొంభై శాతానికి పైగా తగ్గుతుంది. రెండోది, ఏటా ఎమ్మారై, ఏటా మామోగ్రామ్, వీలైతే ఆర్నెల్ల ఎడంతో. సికింద్రాబాద్ వదిన మొదటిది ఎంచుకుంది. ఒకవైపు వచ్చాక రెండోదాని కోసం కాపలా కాసే ఓపిక లేదంది. నేను కాపలా ఎంచుకున్నాను. ఎమ్మారైకి బోర్లా పడుకోబెట్టి, చేతికి సూది గుచ్చి మందు ఎక్కిస్తూ, చెవుల్లో రంపం పెట్టి కోస్తున్నట్టు అరగంట మోత వినిపిస్తారు. నెలసరి వచ్చాక రెండో వారంలో అయితే బొమ్మ తేటగా వస్తుంది కాబట్టి క్యాలెండర్ చూసుకుని సెలవు పెట్టాలి. ఒకసారి ఏదో కనిపించింది, బయాప్సీ చేశారు. మామూలు గడ్డ. ఆ ఫలితం వచ్చేదాకా ఆఫీసులో నేను నింపిన ఫారాలన్నీ పక్క సీటాయన మళ్ళీ సరిచూడాల్సివచ్చింది. కాపలా దారిలో ఉచితంగా వచ్చేది ఇదే.

అండాశయాలకు కాపలా దారి లేదు. స్కానింగులు, సీఏ-125 రక్తపరీక్ష క్రమం తప్పకుండా చేయించుకున్నా ఆ కేన్సర్‌ను ముందుగా పట్టుకుని ప్రాణం కాపాడతాయన్న నమ్మకం కుదరలేదు. కాబట్టి పిల్లలు వద్దనుకున్నాక అండాశయాలూ, వాటి నాళాలూ తీసేయమంటారు. బీఆర్‌సీఏ1 ఉంటే 35–40 మధ్య, బీఆర్‌సీఏ2 అయితే 40–45 దాకా ఆగొచ్చు. ఇక్కడే మా బంధువుల సలహాలు మొదలయ్యాయి. “ఆ గర్భసంచేదో తీయించేసుకుంటే సరిపోయె” అని. మనవైపు గర్భసంచి తీయించుకోవడం పన్ను పీకించుకున్నంత మామూలైపోయింది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు తొమ్మిది శాతం మందికి ఆంధ్రప్రదేశ్‌లో గర్భసంచి లేదు, దేశంలో అన్నిటికంటే ఎక్కువ. మేనత్తదీ అదే కథ. ఈ జన్యువుకు సంబంధించి గర్భసంచి కాదు ముఖ్యం. ఆవిడ కడుపులో మిగిల్చినవి అండాశయాలు, నాళాలు. అండాశయం కేన్సర్లలో ప్రమాదకరమైన రకం చాలావరకు నాళాల చివర్లలో మొదలవుతుందని ఇప్పుడు తెలుసు. ఇంట్లో అందరం విడ్డూరపడిన ప్రశ్నకు జవాబు అది.

నా ఆపరేషన్ ఏప్రిల్‌లో పెట్టుకున్నాను. మార్చిలో బీమా ఆఫీసు మనిషికి చావడానికి కూడా సెలవు దొరకదు. తీసిన నాళాలను సన్నని ముక్కలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూశారు, కేన్సర్ కణాలు లేవు. మర్నాటి నుంచే ముట్లుడిగిన మనిషినయ్యాను. మామూలుగా ఏళ్ళ తరబడి మెల్లగా జరిగే మార్పు రాత్రికి రాత్రి మీద పడుతుంది. ఒంట్లోంచి ఆవిర్లు, మెడ వెనక చెమట, తెల్లవారుజామున మూడింటికి మెలకువ. ఎముకల సాంద్రత పరీక్ష, క్యాల్షియం, నడక. నాలాగా రొమ్ము కేన్సర్ రానివాళ్ళకు సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోను ఇవ్వొచ్చని చెప్పి డాక్టరమ్మ జెల్ రాసిచ్చింది. వదినకు ఆ వెసులుబాటు లేదు. ఆమెకు ఇంకో లాభం ఉంది: ఈ మార్పున్న కేన్సర్ల మీద గురిపెట్టి పనిచేసే మాత్రలు, పార్ప్ నిరోధకాలు, 2014 నుంచి వాడకంలోకి వచ్చాయి. అవసరమైతే ఆ తలుపు తెరిచే ఉంది.

ఇక డబ్బు. హెల్త్ పాలసీలు జబ్బుకు డబ్బిస్తాయి, జబ్బును ముందే పట్టుకునే స్కాన్లకు సాధారణంగా ఇవ్వవు. జన్యు జబ్బులన్నిటినీ గంపగుత్తగా మినహాయించే షరతు రాజ్యాంగం 14వ అధికరణకు విరుద్ధమని ఢిల్లీ హైకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది. ఆ మరుసటి నెలలోనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలను ఆ మినహాయింపు మానమంది. కేసు సుప్రీంకోర్టు మెట్లు కూడా ఎక్కింది. అమెరికాలో 2008 నుంచి హెల్త్ బీమాలో, ఉద్యోగంలో జన్యువుల్ని బట్టి వివక్ష చూపకూడదని చట్టముంది. జీవిత బీమాకు అది కూడా వర్తించదు. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టమే లేదు. కౌంటరుకు ఇవతల కూర్చునే మనిషిగా నేను చెప్పగలిగేది ఒకటే: పాలసీలేవో పరీక్షకు ముందు తీసుకోండి, ఫారంలో అడిగినదానికి నిజం రాయండి. మొదటి మాట మా కంపెనీకి నచ్చదేమో.

పరీక్ష అందరికీ అక్కర్లేదు. రొమ్ము కేన్సర్లలో వంశం నుంచి వచ్చేవి వందకు అయిదు నుంచి పది. చిన్న వయసులో వచ్చినా, ఒకే వైపు బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినా, అండాశయం కేన్సర్ ఉన్నా, మగవాళ్ళకు రొమ్ము కేన్సర్ వచ్చినా అడగాలి. జబ్బు వచ్చినవాళ్ళకు ముందు పరీక్ష చేయడం మంచిది. వాళ్ళలో మార్పు దొరికితే మిగతా ఇంటివాళ్ళకు ఆ ఒక్కచోటు చూస్తే చాలు, ఖర్చు బాగా తగ్గుతుంది. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ముంబయి టాటా వాళ్ళకు కేన్సర్ జెనెటిక్స్ క్లినిక్ ఉంది. మగవాళ్ళకు కూడా పని ఉంది. నాన్న ఇప్పుడు ఏటా ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ చేయించుకుంటున్నాడు, వాళ్ళన్నయ్యకు ఎవరూ చేయించని పరీక్ష. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. పెద్దయ్యాక వచ్చే జబ్బుల కోసం పిల్లలకు పరీక్ష చేయరు. అది దాని నిర్ణయం, దాని వయసు వచ్చాక.

ఇంతవరకూ రాసినదంతా ఆసుపత్రుల్లో తేలిపోయేదే. తేలనిది మా అన్నయ్య ఇంట్లో ఉంది.

కౌన్సెలర్ మా వంశవృక్షం గీసింది. ఆడవాళ్ళకు సున్నాలు, మగవాళ్ళకు చతురస్రాలు, జబ్బు వచ్చినవాళ్ళకు నలుపు. అన్నయ్య దగ్గరకు వచ్చేసరికి పెళ్ళి గీత ఒకటి కాక రెండు గీసింది. మేనరికానికి గుర్తట అది. అన్నయ్య చేసుకున్నది మేనత్త చిన్నకూతుర్ని. నాన్నకున్న మార్పు అన్నయ్యకు రావడానికి సగం అవకాశం, మేనత్తకున్నది ఈ వదినకు రావడానికి సగం. అదీ ఇదీ ఒకటే మార్పు. ఇద్దరికీ ఉంటే, పుట్టే బిడ్డకు రెండు ప్రతులూ చెడ్డవే రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. అలా వస్తే ఫాంకోని రక్తహీనత అనే అరుదైన జబ్బు. ఈ జన్యువు వల్ల వచ్చే రకంలో పసితనంలోనే రక్త కేన్సర్, మెదడులో గడ్డలు వస్తుంటాయి. కౌన్సెలర్ తల ఎత్తకుండానే అడిగింది: “వీళ్ళకు చిన్నప్పుడే పోయిన పిల్లలెవరైనా ఉన్నారా?”

ఉన్నాడు. మొదటి బాబు. మూడో ఏట రక్త కేన్సర్‌తో పోయాడు. అప్పట్లో దిష్టన్నారు, శాంతులు చేయించారు, వదిన గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందన్నారు. అది ఈ జన్యువు వల్లేనని ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. వాడి రక్తం ఎక్కడా దాచి లేదు. కాదని తేల్చే దారి మాత్రం ఒకటుంది, అన్నయ్యా వదినా పరీక్ష చేయించుకోవడం. ఇద్దరిలో ఒకరికి లేదని తేలినా అనుమానం పోతుంది. ఇద్దరికీ ఉందని తేలితే?

అన్నయ్య చేయించుకోనన్నాడు. పీఎస్‌ఏ అయితే చేయించుకుంటానన్నాడు, జన్యువు జోలికి మాత్రం రానన్నాడు. వదిన ఏడాదికోసారి స్కాన్లకు నాతో వస్తోంది, ఉన్నట్టే అనుకుని. నేను ఒత్తిడి చేయలేదు. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా మనిషికి ఉంటుందని కౌన్సెలర్ చెప్పింది. వినేటప్పుడు అది నాకు సాకులా అనిపించింది. అన్నయ్య ముఖం చూశాక అనిపించలేదు. కానీ వాళ్ళ పాప ఉంది. ఇరవై మూడేళ్ళు, బెంగళూరులో ఉద్యోగం. “సంబంధాలు చూస్తున్నాం, పెళ్ళయ్యేదాకా దాని చెవిన వేయకు” అన్నాడు. ఇందులో మాత్రం అన్నయ్యతో ఒప్పుకోలేకపోయాను. రొమ్ము ఎమ్మారై పాతికేళ్ళకు మొదలుపెట్టాలి. నా అంతట నేను ఎత్తను, అది అడిగితే అబద్ధం చెప్పను అన్నాను. ఆర్నెల్లు మా ఇంటి వైపు రాలేదు.

పోయిన సంక్రాంతికి అది అడిగింది. పెద్దమ్మకు వచ్చింది, అమ్మ ఏటా స్కాన్లకు వెళ్తోంది, అత్త ఏదో ఆపరేషన్ చేయించుకుంది. చదువుకున్న పిల్ల, కలుపుకోలేదా? నేను మొత్తం చెప్పాను, బాబు సంగతితో సహా. రాత్రి మేడమీద చాలాసేపు ఒక్కతే తిరిగింది. పొద్దున్నే వచ్చి, “అత్తా, నీ రిపోర్టులో ఆ మార్పు పేరున్న పేజీ ఒకటి ఫొటో తీసి పంపు, ఆ ఒక్కచోటు చూస్తే చాలంటగా” అంది. వాళ్ళ నాన్నకు చెప్పి వెళ్ళమన్నాను.

“చెప్తాను. నాకు లేదని వస్తే గొడవే లేదు. ఉందని వచ్చినా అది అమ్మ నుంచో నాన్న నుంచో ఎలా తెలుస్తుంది? ఇద్దరిదీ ఒకే మార్పు కదా. ఒక్కరికున్నా నాకు రావొచ్చు. చిన్నప్పుడే పోయిన మా అన్నయ్య సంగతి మాత్రం నా రిపోర్టు ఏదీ తేల్చదు. వాళ్ళు తెలుసుకోనక్కర్లేదు అత్తా.”

కౌన్సెలర్‌కు ఫోన్ చేసి అడిగాను. అమ్మాయి లెక్క సరిగ్గానే ఉందంది. అన్నయ్యకు చెప్పాను. చాలాసేపు పేపరు తిరగేస్తూ కూర్చున్నాడు. “బెంగళూరులో ఎక్కడ చేస్తారో కనుక్కో. డబ్బు నేను వేస్తాను, దాన్ని పెట్టుకోవద్దని చెప్పు” అన్నాడు.